అడగని ప్రశ్నకి జవాబు: షుగర్ పరీక్ష ఊళ్లోకి వచ్చిన కథ

తెలుగులో జ్వరం వస్తుంది, దగ్గు పట్టుకుంటుంది, నడుం పట్టేస్తుంది. షుగర్ మాత్రం "బయటపడుతుంది". "కంటి ఆపరేషన్‌కి వెళ్తే షుగర్ బయటపడింది", "ఆఫీసులో క్యాంపు పెడితే ఆయనకి షుగర్ బయటపడింది" అంటాం. ఆ వాక్యాల్లో రోగి చెప్పుకున్న బాధ ఎక్కడా లేదు. ఎవరో వెతికారు, దొరికింది. ఇంకో మాట కూడా ఉంది: "నాకు బోర్డర్‌లో ఉందట." చివర ఉన్న ఆ "అట" చూడండి. తన ఒంటి సంగతిని, పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పుకునే సందర్భాలు భాషలో ఎక్కువ ఉండవు.

ఒంట్లో బాగాలేనివాళ్లు వైద్యుడి దగ్గరికి వెళ్లటం పాత పద్ధతి. ఒంట్లో బాగానే ఉన్నవాళ్లని పిలిచి కూర్చోబెట్టి, "మీకు జబ్బుందేమో చూస్తాం" అనటం కొత్త పద్ధతి. షుగర్ విషయంలో, ఊరు మొత్తాన్ని పిలిచి చూడటానికి వయసు ఎనభై ఏళ్లకి అటూ ఇటూ.

ఇవాళ మన ఊళ్లలో, బస్తీల్లో అది ఇలా జరుగుతుంది. సబ్ సెంటర్‌లోనో, స్కూలు వరండాలోనో, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లోనో ఒక బల్ల వేస్తారు. ఒకరు ఫారం నింపుతారు. టేపుతో నడుము కొలుస్తారు. బీపీ చూస్తారు. వేలికి సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తారు. మిషన్ మీద అంకె వస్తుంది. అంకెని బట్టి చేతిలో ఒక చీటీ పెడతారు. అంతా కలిపి పావుగంట పని. ఫారం, టేపు, చుక్క, అంకె, చీటీ. వీటిలో ప్రతిదానికీ వెనక ఒక చరిత్ర ఉంది, దాంతోపాటు ఒక తగాదా కూడా ఉంది. బల్ల దగ్గరికి వెళ్లేముందు, బల్ల లేని రోజుల సంగతి కొంచెం.

చీమలు, నాలుక, నీలం రంగు

చరక, సుశ్రుత సంహితలు ప్రమేహాలని ఇరవై రకాలుగా లెక్కపెట్టాయి. మధుమేహం వాటిలో ఒకటి. ఒంటికీ మూత్రానికీ చీమలు పట్టటం గురించి మనందరం వినే ఉంటాం. అయితే చరక సంహిత ఆ గుర్తుని పెట్టిన చోటు ముఖ్యం. "పూర్వరూపాల" కింద, అంటే జబ్బు పూర్తిగా ముదరకముందు కనిపించే సూచనల కింద పెట్టింది. నోరు తియ్యగా అనిపించటం, దాహం, అరచేతుల్లో అరికాళ్లలో తిమ్మిరి, మంట కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. రాబోయే జబ్బుని ముందే పసిగట్టాలన్న కోరిక పాతదే. కానీ ఆ గుర్తుల్ని ముందు గమనించాల్సింది రోగే, వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందీ రోగే.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో థామస్ విలిస్ అనే వైద్యుడు రోగి మూత్రం తేనెలా తియ్యగా ఉంటుందని రాశాడు. నాలుకే అప్పటికి పరికరం. 1776లో లివర్‌పూల్‌కి చెందిన మాథ్యూ డాబ్సన్ మూత్రాన్ని ఆవిరయ్యేదాకా కాచి, అడుగున మిగిలింది చక్కెర లాంటి పదార్థమేనని చూపించాడు. రోగి రక్తపు సీరం కూడా తియ్యగానే ఉందన్నాడు. దాంతో ఇది ఒక్క కిడ్నీ జబ్బు కాదనీ, ఒళ్లంతటికీ సంబంధించిందనీ అనుకోవటం మొదలైంది.

1908లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ తన ద్రావకం గురించి ప్రకటించాడు. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకి ఆ నీలం రంగు గుర్తుండే ఉంటుంది. అందులో కొన్ని చుక్కల మూత్రం వేసి వేడిచేస్తే, చక్కెర ఎక్కువయ్యేకొద్దీ నీలం ఆకుపచ్చ అవుతుంది, ఆకుపచ్చ పసుపవుతుంది, చివరికి ఇటుక రంగుకి వస్తుంది. రక్తంలో చక్కెర కొలవటానికి 1920 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్, శ్యెన్ వూ ఇంకో రంగు పద్ధతి తయారుచేశారు. మన యల్లాప్రగడ సుబ్బారావు కొద్ది కాలానికే చేరింది ఆ ఫోలిన్ ఉన్న శాఖలోనే. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వరం పరీక్ష కూడా రంగుని కొలిచేదే. కంటికి కనబడనిదాన్ని రంగుగా మార్చి చదవటం ఆ తరం జీవరసాయన శాస్త్రం చేసిన గొప్ప పని.

ఈ పరీక్షలన్నీ మొదట్లో ఆస్పత్రి గోడల మధ్యే ఉన్నాయి. ఏ బాధా లేనివాళ్ల మూత్రాన్ని పెద్ద ఎత్తున పరీక్ష చేయించిన తొలి సంస్థల్లో జీవిత బీమా కంపెనీలు ఉన్నాయి. పాలసీ ఇవ్వాలా వద్దా, ఎంత ప్రీమియం వసూలు చెయ్యాలి అన్నది తేల్చుకోవటానికి. పరీక్ష చేయించుకున్న మనిషికి మేలు చెయ్యటం అక్కడ ఉద్దేశం కాదు. ఆరోగ్యవంతుల మీద పరీక్ష అనే ఆలోచన పుట్టుకలోనే ఒక ప్రశ్న ఉంది: ఈ అంకె ఎవరి కోసం?

ఊరంతటికీ టెస్టు

1922 జనవరిలో టొరంటోలో ఒక పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు జబ్బు ఉందని తెలిసినా చెయ్యగలిగింది తక్కువ. తెలిసి లాభం ఉన్నప్పుడే వెతకటానికి అర్థం ఉంటుంది. ఇన్సులిన్ తర్వాత వెతకటం మొదలైంది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరుంది. షుగర్ వైద్యానికి అమెరికాలో పెద్దదిక్కుగా పేరున్న ఎలియట్ జాస్లిన్ పుట్టిన ఊరు. 1946-47లో అక్కడి ప్రజారోగ్య శాఖ వైద్యులు హ్యూ విల్కర్‌సన్, లియో క్రాల్ ఆ ఊరి జనాన్ని పరీక్షకి పిలిచారు. 4,983 మంది జనాభాలో 3,516 మంది వచ్చారు. 70 మందికి షుగర్ ఉన్నట్టు తేలింది. వాళ్లలో 40 మందికి ముందే తెలుసు. మిగిలిన 30 మంది ఆ రోజుదాకా మామూలుగా పన్లు చేసుకుంటూ, తిరుగుతూ ఉన్నవాళ్లే.

తెలిసిన నలుగురికి తెలియని ముగ్గురు. ఆ లెక్క షుగర్ చరిత్రని మార్చేసింది. జబ్బంటే ఆస్పత్రికి వచ్చినవాళ్ల సంఖ్య కాదు, రానివాళ్లని కూడా కలిపితేనే జబ్బు అన్న ఊహ అక్కడినుంచి గట్టిపడింది. ఒకటి రెండేళ్లలోనే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దేశమంతా "షుగర్ వారాలు" జరపటం మొదలుపెట్టింది.

దానికి తగ్గట్టు పరీక్ష కూడా తేలికైపోయింది. 1941లో ఎల్క్‌హార్ట్ అనే ఊళ్లోని ఏమ్స్ కంపెనీ క్లినిటెస్ట్ బిళ్ల తెచ్చింది. మూత్రం చుక్కల్లో వేస్తే బిళ్లే బుసబుసా పొంగి వేడెక్కుతుంది, స్టవ్ అక్కర్లేదు. 1956లో అదే కంపెనీలో హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతుల పరిశోధనతో క్లినిస్టిక్స్ వచ్చింది. కాగితపు పుల్లని ముంచు, రంగు చూడు. లేబరేటరీ జేబులోకి వచ్చేసింది. ఇప్పటి క్యాంపు బల్ల మీదున్న ప్రతి స్ట్రిప్పుకీ పూర్వీకురాలు ఆ కాగితపు పుల్లే.

1962లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ పట్టణంలో ఇంకా పెద్ద ప్రయత్నం జరిగింది. పట్టణంలోని పెద్దవాళ్లందరినీ మూత్రం నమూనా ఇమ్మని అడిగారు. అందులోంచి కొందరికి గ్లూకోజు తాగించి రక్తపరీక్షలు చేశారు. అనుకోని చిక్కు అక్కడ ఎదురైంది. షుగర్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అని రెండు గుంపులుగా జనం విడిపోలేదు. నడుమ ఎటూ చెప్పలేనివాళ్లు చాలామంది తేలారు. వాళ్లకి హ్యారీ కీన్, ఆయన సహచరులు "బోర్డర్‌లైన్ డయాబెటిక్స్" అని పేరుపెట్టి, పదేళ్లపాటు వాళ్ల వెంట నడిచారు. మన ఇళ్లలో మేనత్తలూ బాబాయిలూ వాడే "బోర్డర్" అన్న మాటకి వెనక ఇలాంటి సర్వేలున్నాయి. ఊరు మొత్తాన్ని పిలవకపోతే ఆ మాటతో పని పడేది కాదు. బాధతో వచ్చిన రోగిని బోర్డర్‌లో ఉన్నావని ఎవరూ అనరు.

ఫారం: "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

ఇక బల్ల దగ్గరికి వద్దాం. మొదట ఫారం. వయసెంత, పొగాకు అలవాటుందా, మందు తాగుతారా, వారానికి నూటయాభై నిమిషాలైనా ఒళ్లు కదిలే పని చేస్తారా, అమ్మానాన్నలకో తోబుట్టువులకో షుగర్, బీపీ ఉన్నాయా అని అడుగుతారు. ప్రభుత్వ కార్యక్రమంలో ఆశా కార్యకర్త ముప్ఫై దాటినవాళ్లందరికీ ఇంటింటికీ తిరిగి నింపే ఫారం ఇది. మార్కులు నాలుగు దాటితే ముందుగా పరీక్షకి పంపుతారు. కొన్ని క్యాంపుల్లో దీని బదులు, 2005లో చెన్నైలో వి. మోహన్ బృందం తయారుచేసిన స్కోరు వాడతారు. అందులో వయసు, నడుము, వ్యాయామం, తల్లిదండ్రుల చరిత్ర నాలుగే అంశాలు. వందకి అరవై దాటితే ప్రమాదం ఎక్కువ. రక్తం అక్కర్లేకుండా ఎవరిని ముందు చూడాలో తేల్చటం ఈ స్కోర్ల పని.

చదువుకున్నవాళ్లం ఈ ఫారాన్ని తేలిగ్గా తీసుకుంటాం. కానీ "మీ అమ్మగారికి షుగర్ ఉండేదా?" అన్న ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎనభైల్లో పోయిన అమ్మమ్మకో తాతయ్యకో ఎవరూ ఎప్పుడూ పరీక్ష చెయ్యలేదు. కాలి పుండు మానలేదు, చూపు తగ్గింది, చిక్కిపోయారు, పోయారు. అందుకని మనం "లేదు" అని చెబుతాం. ఆ "లేదు"కి చాలా ఇళ్లలో అసలు అర్థం "చూడలేదు" అని. అందుకే అలాంటి గుర్తులేమైనా ఉంటే ఫారం నింపేవాళ్లకి చెప్పటం మంచిది.

ఎవర్ని చూడాలన్నదాంట్లో వర్గం కూడా ఉంది. 1907లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సభలో "ఉష్ణదేశాల్లో డయాబెటిస్" మీద చర్చ జరిగింది. కలకత్తాలో పనిచేసిన సర్ హేవలాక్ చార్ల్స్ దాన్ని మొదలుపెట్టాడు. ఒళ్లు వంచని, చదువుకున్న, డబ్బున్న బెంగాలీ బాబుల జబ్బుగా అప్పట్లో దీన్ని చిత్రించారు. వలస పాలకుల చూపులో ఉన్న ఎగతాళిని పక్కనపెట్టినా, ఆ ఊహ మన వైద్యంలో చాలాకాలం ఉండిపోయింది. షుగర్ పెద్దింటివాళ్లది, పట్నంవాళ్లది అని మనమూ అనుకున్నాం.

లెక్కలు కూడా మొదట్లో అలానే చెప్పాయి. 1970ల మొదట్లో ఐసీఎంఆర్ చేసిన తొలి దేశవ్యాప్త సర్వేలో పట్టణాల్లో 2.1 శాతం, పల్లెల్లో 1.5 శాతం మందికి షుగర్ తేలింది. 1984లో ప్రచురితమైన తెనాలి సర్వేలో 4.7 శాతం. 1989లో వచ్చిన ఏలూరు దగ్గరి పల్లెల సర్వేలో 1.6 శాతం. తర్వాత ఆరు మహానగరాల్లో జరిగిన జాతీయ పట్టణ సర్వే 2001లో వెలువడింది. అందులో హైదరాబాద్‌దే మొదటి స్థానం: 16.6 శాతం. చెన్నై, బెంగళూరు, కలకత్తా, ఢిల్లీ, ముంబై అన్నీ దాని తర్వాతే. 2006లో గోదావరి ప్రాంతపు 20 పల్లెల మీద వచ్చిన అధ్యయనం, ముప్ఫై దాటినవాళ్లలో 13.2 శాతం అంది. పల్లెలకి రాదన్న ధీమా అక్కడితో పోయింది. 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 13.6 కోట్ల మందికి ప్రీడయాబెటిస్ ఉన్నట్టు అంచనా వేసింది.

ఈ అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి గీత గీసెయ్యకూడదు. పరీక్షలు వేరు, వయసు హద్దులు వేరు, కొలబద్దలు వేరు. జబ్బు నిజంగానే పెరిగింది. దాంతోపాటు వెతికే కళ్లు కూడా పెరిగాయి.

టేపు: సన్నంగా ఉన్నా లావే

ఫారం తర్వాత టేపు. చీర కట్టుకున్న ఆడవాళ్లకి, పక్కన నలుగురుంటే మగవాళ్లకి కూడా ఇది కొంచెం ఇబ్బంది పెట్టే పని. చాటుగా కొలవమని అడిగే హక్కు ఉంది. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మార్కులు పడతాయి.

బరువు చూడకుండా నడుమెందుకు? 1947లో ఫ్రాన్సులో మార్సేకి చెందిన జాన్ వాగ్ అనే వైద్యుడు, కొవ్వు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ పేరుకుందన్నది ముఖ్యమని రాశాడు. పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వే ప్రమాదకరం అన్నాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోనే లాన్సెట్ పత్రికలో వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఇద్దరూ చూడ్డానికి సన్నగానే ఉన్నారు. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. "నేను సన్నగానే ఉంటాను, నాకెందుకొస్తుంది" అనే మనవాళ్లందరికీ ఆ ఫొటో జవాబు. యూరప్ వాళ్ల కొలతలతో చూస్తే ఆరోగ్యంగా కనిపించే ఒళ్లు మన కొలతలతో చూస్తే అలా ఉండకపోవచ్చు. టేపు మీది 90, 80 ఈ తేడాని లెక్కలోకి తీసుకుని ఆసియా వాళ్ల కోసం వేరేగా పెట్టిన హద్దులు.

చుక్క

ఇప్పుడు సూది. మధ్యవేలికో ఉంగరపు వేలికో, చివర గుజ్జు మీద కాకుండా పక్కన గుచ్చుతారు. పక్కన నొప్పి తక్కువ. క్షణంపాటు చీమ కుట్టినట్టు ఉంటుంది. సూది కొత్తదై ఉండాలి, మీ కళ్లముందే తియ్యాలి. ముందు చేతులు కడుక్కుని ఆరనివ్వండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. అరటిపండు ఒలిచిన చేత్తోనో, ప్రసాదం తిన్న చేత్తోనో నేరుగా వెళ్తే, వేలికి అంటిన తీపి రక్తపు చుక్కలో కలిసి అంకె పెరిగిపోతుంది. లేని షుగర్ బయటపడుతుంది.

ఈ చుక్కకి కూడా వయసు తక్కువే. 1960ల నడుమ ఏమ్స్ కంపెనీయే డెక్స్‌ట్రోస్టిక్స్ తెచ్చింది. స్ట్రిప్పు మీద రక్తం వేసి, నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, రంగుని సీసా మీది రంగులతో పోల్చి చూడాలి. ఒకరి కంటికి ముదురు నీలం, ఇంకొకరి కంటికి లేత నీలం. ఆ గొడవ తీర్చటానికి 1970 ప్రాంతంలో ఆంటన్ క్లెమెన్స్ రూపొందించిన మీటరు వచ్చింది. కిలోకి పైన బరువు, ఖరీదు దాదాపు 500 డాలర్లు, అదీ డాక్టర్లకి మాత్రమే. 1962లోనే లీలండ్ క్లార్క్ ఎంజైమ్‌తో పనిచేసే ఎలక్ట్రోడ్ ఊహని ముందుకు తెచ్చాడు. 1987లో మార్కెట్టుకి వచ్చిన పెన్ను సైజు మీటరు ఆ దారిలోదే. రంగు పోయింది, కరెంటు వచ్చింది. ఇప్పుడు బల్ల మీద అయిదు సెకన్లలో అంకె చెప్పేది దాని సంతతి.

నాలుక నుంచి మీటరు దాకా వచ్చిన ఈ దారిలో ప్రతి మజిలీలోనూ పరీక్ష తేలికైంది, చవకైంది. దాన్ని చెయ్యటానికి కావలసిన చదువు తగ్గింది. అది మంచిదే. లేకపోతే అది ఊరి వరండా దాకా వచ్చేది కాదు.

అంకె: ఎవరు గీసిన గీత?

మిషన్ మీద 152 అని వచ్చిందనుకోండి. షుగర్ ఉన్నట్టా? లేనట్టే, ఇంకా తెలియనట్టే. తిని వచ్చినవాళ్లకి వేలి చుక్కతో చేసే పరీక్షలో 140 దాటితే డాక్టరు దగ్గరికి పంపాలన్నది జాతీయ కార్యక్రమంలోని నియమం. అది అనుమానం మాత్రమే, తీర్పు కాదు. తీర్పు కోసం నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబులో చూడాలి: పరగడుపున 126 లేదా అంతకంటే ఎక్కువ, గ్లూకోజు తాగిన రెండు గంటలకి 200 లేదా అంతకంటే ఎక్కువ, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకంటే ఎక్కువ. ఏ బాధా లేనివాళ్లకి ఒక్క పరీక్షతో సరిపెట్టకుండా మళ్లీ చూడాలి.

ఈ గీతలు ఎవరు గీశారు? బెడ్‌ఫర్డ్‌లో తేలని చిక్కు అమెరికాలో ఆరిజోనాలోని పీమా ఆదివాసుల్లో కొంత తేలింది. షుగర్ విపరీతంగా ఉన్న ఆ జనంలో రక్తపు గ్లూకోజు అంకెలు నిజంగానే రెండు గుట్టలుగా విడిపోయాయని 1971లో పరిశోధకులు చూపించారు. రెండు గంటల అంకె 200 దాటినవాళ్లలోనే కంటి రెటీనా దెబ్బతినటం ఎక్కువని కూడా తేలింది. అలా ఒక చిన్న ఆదివాసీ సమూహం ఒళ్లు, కళ్లు ఆధారంగా గీసిన గీత 1979, 1980ల్లో ప్రపంచానికంతటికీ గీత అయింది. అప్పుడు పరగడుపు హద్దు 140. 1997లో దాన్ని 126కి దించారు. 130 ఉన్న మనిషి ముందురోజు రాత్రి ఏ జబ్బూ లేకుండా పడుకుని, తెల్లారేసరికి షుగర్ పేషెంటు అయ్యాడు. ఆయన ఒంట్లో ఏమీ మారలేదు.

ఇది చెప్పటం గీతలు అబద్ధమనటానికి కాదు. 126 దగ్గరే కన్ను దెబ్బతినటం మొదలవుతుందన్న కొత్త సమాచారం వాళ్లకి కారణం. గీత మనుషులు గీసినదైనా, దాని అవతల ఉన్న గుడ్డితనం, డయాలిసిస్, తీసేసిన కాలు నిజమైనవే. అయితే గీతకి ఇటువైపు 125, అటువైపు 127 ఉన్న ఇద్దరు మనుషుల ఒళ్లలో తేడా చాలా తక్కువని గుర్తుంచుకోవాలి. బోర్డర్ అంటే దేశాల సరిహద్దులా కంచె వేసిన చోటు కాదు. చెరువు గట్టు దగ్గర నీళ్లెక్కడ మొదలవుతాయో అలాంటి చోటు.

హెచ్‌బీఏ1సీకి ఇంకో మెలిక ఉంది. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ షుగర్ రోగుల హిమోగ్లోబిన్‌లో తేడా గమనించటంతో దాని కథ మొదలైంది. మూడు నెలల సగటు చెబుతుంది, పరగడుపున రానక్కర్లేదు. కానీ అది ఎర్ర రక్తకణాల మీద ఆధారపడిన లెక్క. రక్తహీనత ఉంటే తప్పు చెప్పొచ్చు. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

చీటీ

ఇప్పటిదాకా చెప్పినదంతా బల్ల మీద పావుగంటలో అయిపోయేది. కష్టం చీటీ దగ్గర మొదలవుతుంది.

1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ఒక చిన్న పుస్తకం రాశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో జబ్బు వెతకాలంటే ఏ షరతులుండాలో పది సూత్రాలు చెప్పారు. పరీక్ష మంచిదై ఉండటం వాటిలో ఒకటి మాత్రమే. దొరికినవాళ్లకి ఒప్పుకున్న వైద్యం ఉండాలి, నిర్ధారణకీ చికిత్సకీ సదుపాయాలుండాలి, ఎవరికి చికిత్స చెయ్యాలో ముందే ఒక విధానం ఉండాలి. చివరి సూత్రం, వెతకటం ఒకరోజు పండగలా కాకుండా నిరంతరం సాగాలని. మామూలు వైద్యంలో రోగి డాక్టర్ని అడుగుతాడు. ఇక్కడ అడగని ప్రశ్నకి మనమే వెళ్లి జవాబు చెబుతున్నాం. కాబట్టి చెప్పినవాళ్ల మీద బాధ్యత ఎక్కువ.

వెతికితే చాలన్న ధీమాకి ఇంగ్లండులోనే గట్టి దెబ్బ తగిలింది. కేంబ్రిడ్జ్ ప్రాంతంలో 2001 నుంచి, షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువున్న ఇరవై వేల మంది మీద ఒక ప్రయోగం జరిగింది. కొన్ని క్లినిక్కుల వాళ్లని పరీక్షకి పిలిచారు, కొన్నిటి వాళ్లని పిలవలేదు. దాదాపు పదేళ్ల తర్వాత చూస్తే రెండువైపులా మరణాల్లో తేడా లేదు. అక్కడ మామూలు డాక్టర్ల దగ్గరే చాలామందికి టెస్టులు జరుగుతుంటాయి, పరీక్షించినవాళ్లలో కొత్తగా దొరికినవాళ్లూ కొద్దిమందే. కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మన పల్లెకి అతికించలేం. కానీ ఒట్టి టెస్టు ప్రాణాలు కాపాడదన్న హెచ్చరిక మనకీ వర్తిస్తుంది.

రెండోవైపు చైనాలోని దాచింగ్ ఉంది. 1986లో అక్కడ 1,10,660 మందిని పరీక్షించి, వాళ్లలో బోర్డర్‌లో ఉన్న 577 మందిని ఎంచుకున్నారు. కొందరికి ఆరేళ్లపాటు తిండిలో, వ్యాయామంలో మార్పులు నేర్పించారు. ముప్ఫై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, వాళ్లకి షుగర్ దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయి. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో మూడేళ్లలో, ఏ సాయమూ అందనివాళ్లలో 55 శాతం మంది బోర్డర్ దాటి షుగర్‌లోకి వెళ్లారు. జీవనశైలి మార్చుకోవటానికి సాయం అందినవాళ్లలో 39.3 శాతం. సూది ఒక్క క్షణం పని. దాచింగ్‌లో ఫలితం తెచ్చింది ఆరేళ్లు పక్కన ఉండటం.

మన దేశంలో 2010లో 100 జిల్లాలతో జాతీయ కార్యక్రమం మొదలైంది. 2017 నుంచి ముప్ఫై దాటిన అందరినీ చూడాలన్నది లక్ష్యం. టార్గెట్ అన్న మాట ఆఫీసుల్లోకి వచ్చాక, లెక్కపెట్టటానికి తేలికైనదే లెక్కలోకి వెళ్తుంది. ఎంతమందికి సూది గుచ్చారు అన్నది తేలిగ్గా లెక్కకొస్తుంది. చీటీ పట్టుకుని పీహెచ్‌సీకి ఎంతమంది వెళ్లారు, వెళ్లినరోజు అక్కడ డాక్టరు ఉన్నారా, మెట్‌ఫార్మిన్ బిళ్లలు ఉన్నాయా, ఏడాది తర్వాత ఎంతమంది వాడుతున్నారు అన్నవి లెక్కపెట్టటం కష్టం. కూలిపని మానుకుని రెండోసారి వెళ్లటం రోజు కూలీకి ఎంత భారమో ఏ ఫారంలోనూ గడి లేదు. క్యాంపులు పగటిపూట పెడితే పనికి పోయినవాళ్లు దొరకరు. సాయంత్రం పెడితే వంటింట్లో ఉన్నవాళ్లు దొరకరు.

అందుకని మీ ఆఫీసులోనో కాలనీలోనో క్యాంపు పెడితే వెళ్లండి, ఇంట్లో పెద్దవాళ్లనీ తీసుకెళ్లండి. వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. అంకె ఎక్కువొస్తే కంగారుపడి వాట్సాప్ వైద్యం మొదలుపెట్టకండి. తక్కువొస్తే జన్మకి సరిపడా సర్టిఫికెట్ అనుకోకండి. లేచే ముందు మూడు సంగతులు చీటీ మీద రాయించుకోండి: ఏ పరీక్ష చేశారు, తిన్నాక ఎంతసేపటికి చేశారు, అంకె ఎంత. వీటి కింద నాలుగో గీత ఉంటుంది, చాలా చీటీల్లో ఖాళీగా వదిలేసేది అదే: మళ్లీ ఎక్కడికి రావాలి, ఏ తారీఖున. అది నింపేదాకా బల్ల ముందునుంచి లేవకండి. పిలిచింది వాళ్లు కదా, ఆ తారీఖు చెప్పాల్సిందీ వాళ్లే.